కందమణి కన్సెషన్

ఒక పెద్ద అడవిలో... పెద్దదంటే మీరనుకునేంత కాదు. వయసులో ఉన్నప్పుడు ఆ అడవిని ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క పరుగులో దాటాను. నాతో పాటు బయల్దేరిన గాలి ఇంకా దారిలోనే ఉంది. అంత అడవి! అందులో పులి నన్ను చూసి పక్కకు తప్పుకున్న సంగతి ఇంకోసారి చెబుతాలెండి. ఇది అంతకంటే భయంకరమైనది. పిల్లని కాలేజీలో చేర్పించిన కథ.

ఆ అడవిలో వరాహమూర్తి అనే అడవిపంది ఉండేవాడు. అతని పెద్దకూతురు కందమణి. నిరుడు వానల్లో తమ్ముడికి జ్వరమొస్తే, మందిచ్చేవాడి కోసం అడవంతా తిరిగినా ఒక్కడూ దొరకలేదు. ఆ రోజు నుంచి మూలికల చదువే చదువుతానని పట్టుబట్టింది. పరీక్ష ఎంత బాగా రాసిందంటే, పేపరు దిద్దిన కొంగ సంతోషం పట్టలేక రెండో కాలు కూడా ఎత్తేసి బోర్లాపడింది. కళ్లారా చూశాను.

మూడు కాలేజీలు సీటిస్తామన్నాయి. ఒకటి నక్క జంబులింగం గారిది, ఒకటి దుమ్ములగొండి గారిది, ఇంకొకటి వాగు ఒడ్డున తాబేలు మాస్టారిది. మూడింట్లోనూ అవే వేర్లు, అవే కషాయాలు. పౌర్ణమినాడు పొద్దుగూకేలోగా ఏదో ఒకదాంట్లో చేరకపోతే ఆ ఏటికి సీటు పోయినట్టే.

ఆ అడవిలో ఒక చట్టం ఉంది. ఫీజు ఎంతో కాలేజీ చెట్టు మీద వడ్రంగిపిట్ట చేత చెక్కించాలి. కన్సెషన్ మాత్రం నోటితో చెబితే చాలు.

తాబేలు మాస్టారి మద్దిచెట్టు మీద చెక్కి ఉన్న ఫీజు నలభై దుంపలు. వరాహమూర్తి ఇంటి గుంటలో ఉన్నవి నూరు. కందమణి తర్వాత నలుగురు చంటివాళ్లు. వానాకాలం గడవాలంటే వాళ్లకు అరవై కావాలి.

"సరిగ్గా సరిపోయింది నాన్నా! నలభై ఇచ్చి చేరిపోతా," అంది కందమణి.

"కన్సెషన్ ఎంతన్నారు?"

"ఏమీ లేదు."

వరాహమూర్తి మొహం మాడిపోయింది. "ఏమీ లేదా? పక్కింటి ముళ్లపంది కొడుక్కి యాభై తగ్గించారట. వాడి తల పైన ముళ్లు తప్ప లోపల ఏమీ లేదు. రేపు వాళ్ల నాన్న ఎదురుపడి 'మీ అమ్మాయికెంత తగ్గించారు బావా' అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా జంబులింగం దగ్గరికి వెళ్లాడు. జంబులింగం తన తోకతోనే బండ తుడిచి కూర్చోబెట్టాడు.

"మా ఫీజు నూరు. మీ అమ్మాయి తెలివి చూసి యాభై తీసేస్తున్నా. ఇంకెవరికీ చెప్పకండి మూర్తిగారూ, నన్ను చంపేస్తారు."

ఆ మాట దుమ్ములగొండి చెవిన వేశాడు వరాహమూర్తి. దుమ్ములగొండి పకపకా నవ్వాడు. "యాభై కూడా ఒక కన్సెషనేనా? నేను నూటనలభై తగ్గిస్తా!" అని, వరాహమూర్తి ఇటు తిరగగానే చెట్టు మీద ఫీజు రెండువందలు చేయించాడు.

తిరిగి జంబులింగం దగ్గరికి. ఈసారి ఫీజు అయిదొందలు, కన్సెషన్ నాలుగొందల ఇరవై. వరాహమూర్తి నేల మీద కాలు ఆనితే ఒట్టు.

"నాన్నా, ఫీజు కూడా పెరిగింది చూశావా?"

"ఫీజు అందరికీ పెరుగుతుందమ్మా. తగ్గింది మనకే."

"తగ్గాక ఎనభై ఇవ్వాలి. తమ్ముళ్లు వానాకాలం ఏం తింటారు?"

"అక్క గొప్పతనం తలుచుకుంటే వాళ్లకు ఆకలెక్కడిదే?"

పౌర్ణమి వచ్చింది. జంబులింగం చెట్టు కింద అడవంతా పోగైంది. పెద్దమనిషిగా ఏనుగు కూర్చుంది. దుమ్ములగొండి అక్కడికే వచ్చి, అందరూ వినేలా అరిచాడు. "మా కాలేజీలో కన్సెషన్ ఆరొందలు!"

జంబులింగం మామూలుగా ముందు ఫీజు చెక్కించి, ఆ తర్వాతే నోరు విప్పేవాడు. ఆ రోజు వడ్రంగిపిట్ట ముక్కు వాచిపోయి, వాగులో ముక్కు ముంచుకుని పడుంది. జంబులింగానికి ఆగే ఓపిక లేదు. రాయెక్కి తోక ఎగరేశాడు.

"వెయ్యి! చేరిన ప్రతి ఒక్కరికీ వెయ్యి దుంపల కన్సెషన్!"

ఆ చప్పట్లకు నాలుగు కొండలు జరిగి కూర్చున్నాయి. కావాలంటే వెళ్లి చూడండి, ఇప్పటికీ జరిగిన చోటే ఉన్నాయి.

చప్పట్లు ఆగాక కందమణి లేచింది. "ఏనుగు తాతా, ఒక సందేహం. చెట్టు మీద ఫీజు అయిదొందలుంది. తగ్గించింది వెయ్యి. మిగతా అయిదొందలు ఎవరికి ఎవరివ్వాలి?"

ఏనుగు చెట్టు వంక చూసింది, నక్క వంక చూసింది. "చెక్కింది చెక్కిందే, అన్నది అన్నదే. చేరినవాళ్లకు కాలేజీయే ఇవ్వాలి," అంది.

ఇంక చూడండి! పళ్లూడిన కొండముచ్చు ముసలాయన కూడా మొదటి సంవత్సరంలో చేరిపోయాడు. చదువంటే ఆమడ దూరం పరిగెత్తే దున్నపోతులు అందరికంటే ముందు నిలబడ్డాయి. ఆ దుమ్ముకి సూర్యుడు దగ్గాడు. నేను విన్నాను.

"పద నాన్నా, మనం కూడా వెళదాం!" అని చెయ్యి లాగింది కందమణి.

"ఊరందరికీ ఇచ్చేది మనకెందుకమ్మా? అందులో మన పరువేముంది?" అని వరాహమూర్తి కదల్లేదు.

దుమ్ము తగ్గేసరికి జంబులింగం కొట్టులో తొక్క కూడా మిగల్లేదు. జంబులింగమూ మిగల్లేదు. తన మాటను కూడా ఎవరైనా లెక్కేస్తారేమోనని దుమ్ములగొండి తన చెట్టును తనే కొరికి పడేసి పారిపోయాడు.

పొద్దు వాలుతోంది. కందమణి తండ్రిని వాగు ఒడ్డుకు లాక్కెళ్లింది. వరాహమూర్తి బయటే కూలబడ్డాడు. "కన్సెషన్ లేని గడప తొక్కను. నన్ను చంపినా తొక్కను."

కందమణి ఒక్కతే లోపలికి వెళ్లింది. "మాస్టారూ, ఆ నలభై ముందు ఒక అయిదంకె చెక్కించండి. అయిదువందల నలభై అవుతుంది. ఆ తర్వాత అయిదువందలు తగ్గించానని గట్టిగా చెప్పండి."

తాబేలు మాస్టారు బిత్తరపోయాడు. "ఇన్నేళ్ల బతుకులో ఒక్క అబద్ధం ఆడలేదమ్మా!"

"ఇప్పుడు మాత్రం ఆడమన్నానా? నిజంగానే పెంచండి. నిజంగానే తగ్గించండి."

మాస్టారు తల లోపలికి లాక్కుని ఆలోచించాడు. తాబేలు ఆలోచన సంగతి మీకు తెలిసిందే. సూర్యుడు చెట్ల వెనక్కి దిగిపోతున్నాడు. కందమణి డిప్ప మీద తట్టింది. "మాస్టారూ, పొద్దుగూకితే నా సీటు పోతుంది!"

తల మెల్లగా బయటికొచ్చింది. "పిట్టని పిలు."

వాచిన ముక్కుతోనే వడ్రంగిపిట్ట టకటకా చెక్కేసింది. మాస్టారు గుమ్మంలోకి వచ్చి, సిగ్గుతో కళ్లు మూసుకుని అరిచాడు. "కుమారి కందమణి ప్రతిభకు మెచ్చి అయిదువందల కన్సెషన్!"

వరాహమూర్తి ఒక్క దూకులో లోపలున్నాడు. కన్నీళ్లతో మాస్టారి డిప్పను కావలించుకున్నాడు. నలభై దుంపలు కట్టి, కూతుర్ని చేర్పించి, గుంటలో అరవై మిగిలాయన్న సంగతైనా పట్టించుకోకుండా, "ముళ్లపంది బావా!" అని కేకలేస్తూ పరిగెత్తాడు.

ఆ మరుసటేడు తాబేలు మాస్టారి కాలేజీ ముందు వరస వాగు దాటి పోయింది. చదువెలా చెబుతారని అడిగినవాడు ఒక్కడూ లేడు. మాస్టారికి ఇప్పుడు ఇద్దరు పంతుళ్లూ, ఏడు వడ్రంగిపిట్టలూ ఉన్నారు.

నీతి: నిజాయితీగా బతకాలనుకునేవాడు ముందు ధర పెంచుకోవాలి.