కూయని కాలు

ఆ రోజు తెల్లవారి కామాక్షయ్య వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఏడు గంటలకు కారెక్కాలి. మధ్యాహ్నం చెన్నైలో విమానం ఎక్కాలి. పొద్దు వాలేలోగా మంగుళూరులో దిగాలి. ఎల్లుండి ఒకటో తేదీన అక్కడ వేట మొదలవుతుంది. ఆ పూటకు బోటు చుక్కాని తన చేతిలో ఉండాలి. అంతవరకు తన కుడికాలి సంగతి ఎవరికీ తెలియకూడదు.

కామాక్షయ్యది చిల్లకూరు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక పాళెం. పాతికేళ్లు పెద్ద బోట్లకు సరంగుగా చేశాడు, అంటే చుక్కాని పట్టి బోటు నడిపే మనిషి. రెండేళ్ల కిందట ఒడ్డుకు లాగుతున్న పడవ జారి తొడ మీద పడింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి తుంటి దగ్గర నుంచి మోకాలిదాకా లోపల రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది. మనిషే ఊళ్లో అతుక్కోలేదు. ఒక్క బోటు వాళ్లూ మళ్లీ పిలవలేదు. పిలవని వాళ్లందరూ దారిలో కనపడితే మాత్రం కాలెట్టా ఉందని అడిగేవాళ్లు. ఆఖరికి పందిరి కింద కూర్చుని చిరిగిన వలలు బాగుచేసే పని ఇచ్చారు. అది ముసలివాళ్ల పని. ఆయనకు యాభై నాలుగు.

వారం కిందట మధుబాబు అనే ఏజెంటు దొరవారిసత్రం నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పడమటి సముద్రం బోట్లకు మనుషుల్ని కుదిర్చి పంపడం అతని పని. పది నెలల సీజను, సరంగు ఉద్యోగం, రైల్లో చోటు దొరకలేదు కాబట్టి విమానం టిక్కెట్టు. కామాక్షయ్య మంచం మీద కూర్చుని, ఉక్కపోతలో కాళ్ల మీద దుప్పటి కప్పుకుని అంతా విన్నాడు. కాలి సంగతి మధుబాబు అడగలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదని కామాక్షయ్య తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

ఆ వారమంతా కర్ర పక్కన పడేసి ఇసుకలో నడక నేర్చుకున్నాడు. కుంటకుండా నడిచిన ప్రతి అడుగూ తొడలో కత్తి దిగినట్టుండేది. "కాలు ఎట్టుండాదని ఎవురన్నా అడిగితే గుర్రం మాదిరి ఉండాడని చెప్పు. ఎవురు అడిగినా సరే," అని భార్య మాలకొండమ్మకు పూటకోసారి పాఠం చెప్పాడు.

బయలుదేరే ముందు ఆమె ఒక కాగితం తెచ్చింది. ఫలానా మనిషి కాల్లో రాడ్డు ఉందని ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన కాగితం. దానికోసం ఆమె నెల్లూరు పోయి రెండు రోజులు బల్ల మీద కూర్చుని వచ్చింది.

"ఏమయ్యా, సంచిలో పెడతుండా. తియ్యబాక."

"ఎందుకే అది?"

"పిచ్చమ్మ అల్లుడు చేతిలో ప్లేటేసుకుని దుబాయి పోతావుంటే మిషను కూసిందంట. గంటసేపు నిలబెట్టి, కాయితం చూసినాకనే వదిలినారంట."

"ఆ కాయితం మధుబాబు కంట్లో పడిందంటే నేను విమానం కాదు గదా, ఎడ్లబండి గూడా ఎక్కను."

"మరి నీ కాలు కూస్తే ఏం చెప్తావు?"

"అది నేను చూసుకుంటా."

"నువ్వు చూసుకోబట్టే గదా ఇరిగింది," అంటూ మాలకొండమ్మ కాగితాన్ని మడిచి ఆయన చొక్కా జేబులోనే పెట్టింది.

కామాక్షయ్య నిజంగానే చూసుకున్నాడు. వల అడుగున బరువుకు కట్టే సీసం గుళ్లు ఆరు తీసి, ఎర్రగుడ్డలో మూటకట్టి, తాయెత్తు మాదిరి మొలతాడుకు వేలాడదీశాడు. మిషను కూస్తే దేవుడి తాయెత్తు అని చెబుతాడు. బతికున్న మనిషి మొలతాడు తెంచమని ఎవరూ అనరు. ఇంత తెలివి ఆపరేషన్‌కు ముందు తనలో లేదని కూడా అనుకున్నాడు.

మధుబాబు కూడా వెంట బయలుదేరాడు. సూళ్లూరుపేటలో టీ కోసం కారు ఆపారు. కామాక్షయ్య తలుపు పట్టుకోకుండా ఒక్క దూకు దూకాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండకేసి చూస్తున్నట్టు నటించాడు. మధుబాబు ఆ దూకు చూసి మొహం చిట్లించాడు.

"నిదానం అన్నా. కాళ్లు పట్టేసుండవా?"

"నాకా? ఈడనుంచి చెన్నైకి నడవమన్నా నడుస్తా."

మధుబాబు టీ సగం తాగి పారబోశాడు. వీడికి అనుమానం వచ్చిందని కామాక్షయ్య గట్టిగా నమ్మాడు. అనుమానం పోగొట్టాలంటే ఇంకాస్త హుషారు చూపించడమే దారి. విమానాశ్రయంలో కారు దిగగానే తన సంచితోపాటు మధుబాబు పెట్టె కూడా లాక్కుని భుజాన పెట్టుకున్నాడు. కదిలే మెట్లు పక్కనే ఉన్నా, కదలని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. మధుబాబు కింద నిలబడి ఆ ఎక్కడం చూసి, ఫోను తీసి ఎవరితోనో గొణిగాడు. అతని మొహం ఇంకా నల్లబడింది. కామాక్షయ్య భయపడి ఆఖరి మూడు మెట్లు పరుగెత్తాడు.

తనిఖీ వరసలోకి పోయేముందు మరుగుదొడ్డికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గోడకు ఆనుకుని, కాలు చేత్తో పట్టుకుని, కాసేపు శబ్దం రాకుండా ఏడ్చాడు. తర్వాత జేబులో కాగితం తీశాడు. మాలకొండమ్మ రెండు రోజుల బల్ల గుర్తొచ్చింది గాని, మధుబాబు మొహం అంతకంటే దగ్గరగా ఉంది. నాలుగు ముక్కలు చేసి గుంటలో పడేసి నీళ్లు వదిలాడు. అది పోయింది.

తనిఖీ దగ్గర ఒక తలుపు చట్రం నిలబెట్టి ఉంది. కామాక్షయ్య అందులోంచి అడుగుపెట్టగానే అది కూసింది. వెనక మధుబాబు మెడ చాచాడు. వినోద్ అనే గార్డు, విజయనగరం వైపు మనిషి, చేతిలో కూతకర్ర లాంటిది పట్టుకుని ఒళ్లంతా తడిమాడు. తొడ దగ్గరికి వచ్చేసరికి కామాక్షయ్య కళ్లు మూసుకున్నాడు. నడుం దగ్గర మాత్రం అది గట్టిగా కూసింది.

"ఏటి పెద్దాయనా ఇక్కడ?"

"తాయెత్తు నాయనా. దేవుడిది."

"విప్పండి, చూద్దాం."

"మొలతాడు విప్పేది మనిషి పోయినాకనే. నేనింకా ఉండాను."

వినోద్‌కు ఆ సంగతి తెలుసు. మొలతాడు జోలికి పోకుండా, మూట ఒక్కటే ఊడదీసి పళ్లెంలో విప్పాడు. ఆరు సీసం గుళ్లు గలగలా దొర్లాయి. పక్కనున్న హిందీ అధికారి ఒక్క అడుగు వెనక్కి వేసి కేకపెట్టాడు. ఆయన కంటికి అవి తుపాకీవి. ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. వరస ఆగిపోయింది. కామాక్షయ్యను పక్కకు తీసుకుపోయి చెప్పులు, చొక్కా, సంచి, ఆఖరికి మాలకొండమ్మ పెట్టిన ఎండుచేపల పొట్లం కూడా విప్పి చూశారు. పొట్లం విప్పాక వరస తనంతట తనే ఇంకాస్త వెనక్కి జరిగింది.

మధుబాబు వచ్చి పళ్లెంలోకి తొంగిచూశాడు.

"అయ్యా, ఇవి తుపాకీవి కాదు. వలకి కట్టే సీసం," అని అరవంలో, హిందీలో, చేతులతో చెప్పాడు. తర్వాత కామాక్షయ్య వైపు తిరిగి, "దేవుడు ఎప్పటినుంచన్నా వల గుళ్లు పంచుతుండేది?" అని అడిగాడు.

"మా పాళెంలో ఇట్నే కట్టుకుంటాం. కలిసొస్తాదని."

"కలిసొచ్చిందిలే. అరగంట పోయింది."

గుళ్లు చెత్తడబ్బాలో పడ్డాయి. ఇప్పుడు కామాక్షయ్యకు అసలు గండం. చెప్పుకోవడానికి తాయెత్తు లేదు, చూపించడానికి కాగితం లేదు. "మళ్లీ రండి," అన్నాడు వినోద్. కామాక్షయ్య ఊపిరి బిగపట్టి చట్రంలోంచి నడిచాడు. శబ్దం లేదు. వినోద్ కర్రతో కుడి తొడ మీద పైనుంచి కిందికి రాశాడు. శబ్దం లేదు. "పొండి," అన్నాడు.

రెండేళ్లలో కామాక్షయ్య అంత సంతోషపడిన క్షణం లేదు. రాడ్డు ఎందుకు నోరు మూసుకుందో ఆయనకు తెలియదు, అక్కర్లేదు కూడా. విమానం ఎక్కే గేటుదాకా మధుబాబు కంటే పది అడుగులు ముందు నడిచాడు. కుర్చీలో కూర్చుని, చుక్కాని పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు పెట్టుకున్నాడు.

మధుబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఒక్కమాట నిజం చెప్పు. నీ కాల్లో రాడ్డుండాదా, లేదా?"

"రాడ్డా? యాడి రాడ్డు? మిషను గూడా చెప్పింది గదా."

"అదే," అన్నాడు మధుబాబు. "ఈడ మిషను చెప్పిందాకా నాకు తెలీలేదు. నన్ను మీ చెంచురామయ్య టీకొట్టులో నిలువునా ముంచినారు. కామాక్షయ్యకి తొడలో రాడ్డుండాది, ఎవురూ పనికి పిలవరు అన్నారు. అందుకే గదా నీ ఇల్లు వెతుక్కుంటా వచ్చింది!"

కామాక్షయ్యకు అర్థం కాలేదు.

"పోయినేడు ఇద్దరు సరంగుల్ని పంపిస్తి. రాళ్ల మాదిరి ఉండారు. రెండు నెలలకే పక్క బోటోడు పిలిస్తే దుమికి పోయినారు. ఓనరు నా చొక్కా పట్టుకున్నాడు. ఈసారి కాలు బాగలేనోణ్ణి తెమ్మన్నాడు. అట్టాంటోడు యాడికి పోతాడు? ఇంకెవురు పిలుస్తారు? పెట్టింది తిని పడుంటాడు. నువ్వు చూస్తే మెట్లు రెండేసి ఎక్కుతుండావు. నీకు పక్క బోటుకి దూకేది ఎంతసేపు?"

ఆ మాటకు లేచి అతని చెంప పగలగొట్టాల్సింది. కామాక్షయ్య లేవలేదు.

"ఉండాది బాబూ," అన్నాడు చిన్నగా. "రాడ్డుండాది. తుంటినుంచి మోకాలిదాకా. నొప్పికి నిద్ర గూడా పట్టదు."

"ఇప్పుడా చెప్పేది? కాయితం ఏదన్నా ఉండాదా?"

"ఉండింది."

"యాడ?"

"నీళ్లలో పోయింది."

కామాక్షయ్య ప్యాంటు గుండీ మీద చెయ్యి వేశాడు, ఆపరేషన్ గాటు చూపించడానికి. ఎదురు వరసలో ఆడవాళ్లు లేచి పోయారు. మధుబాబు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "గాటుదేముందన్నా, మానిపోయిన గాట్లు నాకూ ఉండాయి. రాడ్డుంటే మిషను కూస్తాది. లోకమంతా తెలుసు."

కామాక్షయ్య అతన్ని రెక్కపట్టి మళ్లీ తనిఖీ దగ్గరికి లాక్కుపోయాడు. "నాయనా వినోదూ, ఆ కర్ర ఇంకోసారి నా తొడమీద పెట్టు. గట్టిగా పెట్టు." ఇందాకటిదాకా ఏం దొరకకూడదని దండం పెట్టుకున్న మనిషి, ఇప్పుడు దొరకమని దండం పెడుతున్నాడు. వినోద్ జాలిపడి పెట్టాడు. అది మూగగానే ఉంది.

"లోపల రాడ్డుంటే ఉండొచ్చు పెద్దాయనా. ఇప్పుడు కొత్త రకం లోహం వేస్తన్నారు, టైటానియం అని. మంచి సరుకు. ఒక్కోసారి మా మిషనుకి చిక్కదు."

కామాక్షయ్య కళ్లు మెరిశాయి. "విన్నావా బాబూ?"

"విన్నా," అన్నాడు మధుబాబు. "అంత మంచి రాడ్డు వేసుకున్నోడు ఇంకా బాగా దూకుతాడు."

ఇక మిగిలింది మాలకొండమ్మ ఒక్కతే. కామాక్షయ్య ఫోను చేసి, అందరికీ వినపడేట్టు పెట్టాడు. "మే, మధుబాబు ఈడనే ఉండాడు. నా కాలు ఎట్టుండాదో చెప్పు."

అవతల ఆమె గొంతు సవరించుకుంది.

"కాలా? కాలుకేం బాబూ! గుర్రం మాదిరి ఉండాడు."

"అది కాదే! నిజం చెప్పు!"

"నిజమే చెప్తుండా. నిన్నగూడా తాటిచెట్టు ఎక్కి దిగినాడు."

"మే! నేను కుంటోణ్ణని చెప్పవే, నీకు పుణ్యముంటాది!"

"నువ్వు గమ్మునుండయ్యా. ఆయన అడిగినప్పుడు నేను చెప్పుకోగలను," అని మాలకొండమ్మ ఫోను పెట్టేసింది. భర్త చెప్పిన పాఠం జీవితంలో మొదటిసారి పొల్లుపోకుండా అప్పజెప్పిన తృప్తి ఆ గొంతులో తెలుస్తూనే ఉంది.

మంగుళూరు విమానానికి ఆఖరి పిలుపు వచ్చింది. మధుబాబు కామాక్షయ్య జేబులోంచి విమానం చీటీ తీసుకుని, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "ఏమనుకోబాక అన్నా. నీ మంచికే చెప్తుండా, ఇంత గట్టి కాలు పెట్టుకుని ఊళ్లోనే ఏదన్నా బోటు చూసుకో," అన్నాడు. పోతూ పోతూ ఫోనులో ఎవరినో అడుగుతున్నాడు: "ఆ చెయ్యి పడిపోయినాయన ఇంకా ఖాళీగానే ఉండాడా?"

కామాక్షయ్య వెనకే పరుగెత్తబోయాడు. పొద్దున్నుంచి అప్పుగా నడిచిన కాలు ఆ అడుగుతో నిలిచిపోయింది. నున్నటి నేల మీద కూలబడ్డాడు. వారం నుంచి దాచిన కుంటితనమంతా ఒక్కసారి బయటికొచ్చింది. లేవబోతే లేవలేదు, నిలబెడితే నిలబడలేదు. అప్పటికి విమానం గేటు తలుపు మూశారు. చూడాల్సిన మనిషి ఆ తలుపు అవతల ఉన్నాడు.

వినోద్ చక్రాల కుర్చీ తెప్పించాడు. కుర్చీ తోసే మనిషి కూడా తెలుగువాడే. బయటికి తోసుకుపోతూ, వంకరగా వేలాడుతున్న ఆ కాలు వైపు చూసి నిట్టూర్చాడు.

"ఈ కాలుతో నీకు పని ఎవరిస్తారు పెద్దాయనా, ఇంటిదగ్గర కూర్చోక?"

ఆ మాట మధుబాబుకు చెప్పమని కామాక్షయ్య అడగబోయాడు గాని, అప్పటికే విమానం లేచిపోయింది.