పగిలిన పైపు కింద నల్లకారు

కారు రంగు చెడకుండా కడిగే పద్ధతుల్లో అన్నిటికన్నా గొప్పది ఏది? షాంపూ కాదు, నురగ కాదు, మెత్తటి గుడ్డ అసలే కాదు. పగిలిన మంచినీళ్ల పైపు!

నవ్వకండి. నేను కార్వాన్ బస్తీలో ఒక ఇరుకు గల్లీలో అద్దెకుంటున్నాను. నాకు కారు లేదు. కాబట్టి ఈ విషయంలో నాకంటే నిష్పక్షపాతంగా మాట్లాడేవాడు మీకు దొరకడు.

మా ఇంటి ఓనర్ వైకుంఠం సేటు. పత్తర్‌గట్టిలో తాతలనాటి ఇత్తడి సామాన్ల దుకాణం ఆయనది. ఈమధ్యే కొత్త కారు కొన్నాడు. నల్లది. నల్లరంగు ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగి ఉండాల్సింది! నల్లకారు మీద దుమ్ము, పెళ్లిలో అలిగిన మేనమామ లాంటిది. ఏ మూలన కూర్చున్నా అందరికీ కనబడుతుంది.

మొదటిసారి కడగడానికి సేటు స్వయంగా దిగాడు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు మెరుపు తెప్పించే విద్య ఒకటే తెలుసు. వస్తువు ఏదైనా సరే, చింతపండు పెట్టి పీచుతో తోమడం! గంగాళాలూ గంటలూ అట్లాగే మెరిశాయి. కారు మాత్రం ఏం పాపం చేసింది? నానబెట్టిన చింతపండు బానెట్‌కు పట్టించి, కొబ్బరి పీచుతో గుండ్రంగా, ఓపికగా, భక్తిగా తోమాడు.

మధ్యాహ్నం కారును మెయిన్ రోడ్డు మీది ఎండలోకి తీశాక చూస్తే, బానెట్ నిండా సన్నటి గీతల సాలెగూడు! ఊళ్లోని సాలీళ్లన్నీ కలిసి ఉమ్మడిగా కట్టుకున్నంత సాలెగూడు.

"డాడీ, ఇది కారనుకున్నవా, గంగాళమనుకున్నవా?" అంది కూతురు మనస్విని.

"మెరుస్తలేదా మరి?" అన్నాడు సేటు.

అప్పటినుంచి పగ్గాలు మనస్విని చేతికి వెళ్లాయి. ఫోన్‌లో వీడియోలన్నీ చూసి గల్లీ మధ్యలో నిలబడి నియమాలు చదివి వినిపించింది. పొడి దుమ్మును తుడవకూడదు. తుడిస్తే ఆ దుమ్మే గీస్తుంది. ముందు నీళ్లు పోసి దుమ్మును జార్చాలి. నీడలో కడగాలి. పైనుంచి కిందికి రావాలి. గుడ్డ కింద పడితే దాన్ని మళ్లీ కారుకు తాకించకూడదు. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, ఇంకో బకెట్‌లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. గల్లీ మొత్తం పురాణం విన్నట్టు విన్నది.

రెండు బకెట్లు అనగానే పురాణం ఆగిపోయింది. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అదీ పొద్దున కాసేపు.

"రెండు బకిట్లు కారుకు పోస్తే నేను పప్పు దేంట్ల ఉడకబెట్టాలె? షాంపూలనా?" అంది సేటు భార్య సుగుణమ్మ. శాస్త్రం అక్కడితో ఓడిపోయింది. కారు మీద దుమ్ము పేరుకుంది. సేటు దిగులుతో చిక్కిపోయాడు.

సరిగ్గా ఆ కష్టకాలంలోనే పైపు పగిలింది!

ఎవరో ఏదో కేబుల్ వేయడానికి గల్లీ మొదట్లో తవ్వారు, తవ్వింది వదిలేసి పోయారు. మర్నాడు నల్లా వదిలే వేళకు ఆ గుంతలోంచి నీళ్లు మనిషెత్తు లేచి, గొడుగులా విచ్చుకుని, మల్లెలు రాలినట్టు రాలాయి. సేటు పరుగున వెళ్లి కారు తెచ్చి ఆ గొడుగు కింద పెట్టాడు.

ఇక చూడాలి ఆ వైభోగం! చేయి తగల్లేదు. గుడ్డ తగల్లేదు. పీచు, చింతపండు దగ్గరికే రాలేదు. దుమ్ము దానంతటదే జారి మోరీలో కలిసింది. మా గల్లీకి ఎండ ఎట్లాగూ రాదు కనుక నీడ కూడా ఉచితం. మనస్విని చెప్పిన నియమాల్లో ఒక్కటైనా తప్పిందా? కార్లు కడగడానికి యంత్రాలు కనిపెట్టినవాళ్లు ఇట్లాంటి గుంత ఒక్కటి చూసి ఉంటే ఆ శ్రమే పడేవాళ్లు కాదు.

మాట పురానాపూల్ దాకా పాకింది. ఆటోలు వచ్చాయి. బ్యాండు మేళం వాళ్ల వ్యాన్ వచ్చింది. ఒకాయన తన స్కూటర్‌తోపాటు అత్తగారి కూలర్‌ను కూడా పట్టుకొచ్చాడు. చాయ్ బండి తన మూల వదిలి గుంత పక్కకు మారింది. రాజీకి రాని అన్నదమ్ములు కూడా లైన్‌లో పక్కపక్కన నిలబడి ఒకరి టైర్లను ఒకరు మెచ్చుకున్నారు. ఒక్క పైపు ఇంత సమాజసేవ చేస్తుందని ఎవరైనా ఊహించారా?

చిన్న లోపం ఒకటి ఉన్నమాట నిజమే. గుంతలో లేచిన నీళ్లు ఇళ్లలో లేవలేదు. నల్లాలు దగ్గి ఊరుకున్నాయి. అయితే ఏం? బిందెలు మోసే పని తప్పి నడుములు బాగుపడ్డాయి కదా!

ఈ మేలును ఒక్క మనిషి అర్థం చేసుకోలేదు. ఎదురింటి రాజమణి. ఆమెకు బర్రెలున్నాయి. గల్లీకంతా పాలు పోసేది ఆమే. నల్లా ఎండినప్పటినుంచి తొట్లు ఎండాయి, బర్రెలు పాలు దించడం తగ్గించాయి. బిందె పట్టుకుని గుంత దగ్గరికి వస్తే కార్ల మధ్య సందు దొరకదు. కింద నిలిచిన నీళ్లలో మోరీ మురికి కలుస్తుంది. దానికి బర్రెలు మూతి పెట్టవు.

"సేటూ, నీ కారుకు రోజు విడిచి రోజు తానం. నా బర్రెలకు తాగ సుక్క లేదు. గిదేం న్యాయం?"

"గల్లీకి పేరొస్తున్నది రాజమణక్కా, జర ఓపిక పట్టు."

"పేరు పిండి పాలు పోయమంటవా?"

ఆమె నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎంత చక్కటి ఆఫీసు! మనిషి రాకముందే మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. మళ్లీ చేసింది. మళ్లీ పరిష్కరించబడింది. ఇంత వేగంగా, ఇన్నిసార్లు పరిష్కారమయ్యే సమస్య ఇంకెక్కడైనా ఉందా?

చివరికి ఆఫీసు సారే జీపులో వచ్చాడు. గుంత చుట్టూ తిరిగాడు. సేటు కారు మీద వేలితో రుద్ది చూశాడు.

"మరకలు పడ్తలేవా?" అని అడిగాడు.

"మీ నీళ్లు సాబ్! అద్దం లెక్క!" అన్నాడు సేటు.

సారు ముఖం వెలిగింది. సర్వీసు మొత్తంలో ఆయన నీళ్లను ఎదుట నిలబడి మెచ్చుకున్నవాళ్లు లేరేమో.

"సార్, నల్లాల నీళ్లొస్తలేవు," అంది రాజమణి.

"వస్తున్నయి కదమ్మా!" అని సారు ఎగజిమ్ముతున్న గుంతను చూపించాడు. "ప్రెషర్ మస్తున్నది." అని డ్రైవర్ వైపు తిరిగి, "జర ముందుకు పెట్టు," అన్నాడు. జీపు గొడుగు కిందికి వచ్చింది.

అది మొదలు నల్లా వచ్చే ప్రతిరోజూ జీపు వచ్చేది. లైన్‌లో కాదు, ముందు. మర్యాద అంటూ ఒకటుంటుంది కదా.

ఒకరోజు సారు జీపులోనే కూర్చుని, అద్దాలు బిగించుకుని, పేపర్ చదువుకుంటున్నాడు. పైన పైపు నీళ్ల వాన పడుతోంది. రాజమణి వచ్చింది, బిందె లేదు. వెనక బర్రెలున్నాయి. అన్నిటినీ విప్పుకొచ్చింది. వారాల తరబడి ఒంటికి నీళ్లు తగలని బర్రెలు! ఒకటి జీపు ముందు బురదలో కూలబడింది. ఒకటి వెనక. చల్లటి నీళ్లలో కూర్చున్న బర్రెను లేపగలిగిన ప్రభుత్వం ఇంకా ఏర్పడలేదు.

మూడోది కూర్చోలేదు. దానికి దురద పుట్టింది. వీపును జీపు తలుపుకు ఆనించి, సేటు చింతపండు రోజున చూపించినంత శ్రద్ధతో రుద్దుకోవడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో కొమ్ము కూడా సాయం చేసింది.

సారు అద్దం కొంచెం దించాడు. "అమ్మా! రంగు! రంగు పోతున్నది!"

"ఫికర్ చేయకు సారూ. నీ సమస్య పరిష్కరించబడినది," అంది రాజమణి.

"రాజమణక్కా, నా కారు కూడా ఈడనే ఉన్నది," అని సేటు బతిమాలాడు.

"చింతపండుకు ఓర్సుకున్న కారు, బర్రెకు ఓర్సుకోదా సేటూ?"

సారు ఫోన్ తీశాడు. ఎవరికి చేశాడో, ఏమన్నాడో అద్దం అవతల వినబడలేదు. మేము చెప్పుకున్న చాయ్ మరగకముందే పనివాళ్లు దిగారు. వాల్వు కట్టేశారు. పైపు కోశారు, జాయింట్ వేశారు, మన్ను కప్పారు. వాన ఆగిపోయాక బర్రెలు విసుక్కుంటూ లేచాయి.

ఇప్పుడు మా నల్లాలో నీళ్లు వస్తున్నాయి. తొట్లు నిండాయి, పాలు నిండుగా దిగుతున్నాయి. నల్లకారు మాత్రం మళ్లీ దుమ్ములో కూర్చుంది. ఒక మహత్తరమైన పద్ధతి ఈ విధంగా అంతరించినందుకు నాకు చాలా బాధగా ఉంది.

మీ గల్లీలో కూడా పైపు పగిలిందా? నీళ్లు రావడం లేదని మాత్రం ఆఫీసుకు చెప్పకండి. అది వెంటనే పరిష్కరించబడుతుంది. మా దగ్గర జీపులు బాగా కడుగుతారని చెప్పండి. సారు వస్తాడు. వచ్చి, అద్దాలు బిగించుకుని, పేపర్ తెరిచేదాకా ఆగండి.

బర్రెలు లేవంటారా? రాజమణిని అడిగాను. పంపిస్తానంది.