బెల్టు ఉంటేనే లోపలికి

ఒక పెద్ద అడవిలో ఆ వేసవికి వాగులన్నీ ఎండిపోయాయి. ఒక్క ఊట మిగిలింది. అది బొచ్చయ్య అనే ఎలుగుబంటి గుహలో ఉంది.

బొచ్చయ్య గుహలో చదునైన రాళ్ళు వేశాడు. ఇప్పపువ్వు మరిగించి, దానికి కాఫీ అని పేరు పెట్టాడు. గుమ్మానికి 'గుక్కెడు కేఫ్' అని బోర్డు తగిలించాడు. కాఫీ తాగినవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తాడు. ఆ కాఫీ ఒక్కరికీ నచ్చలేదు. అయినా అందరూ లొట్టలు వేసుకుంటూ తాగారు.

ముళ్ళపంది సూదమ్మ కూడా రోజూ సాయంత్రం కొడుకు పుల్లిగాణ్ణి తీసుకుని వచ్చేది. కాఫీ తను తాగేది. నీళ్ళు వాడికి పట్టేది.

ఒకరోజు దుప్పి సులోచన వచ్చింది. అడవిలో పేరున్న దుప్పి. ఆమె వెనకాల ఒక రేచుకుక్క పిల్ల. దాని మెడకి ఎర్ర తీగ బెల్టు. దాని పేరు లడ్డూ.

రేచుకుక్కలు దుప్పుల్ని తింటాయి. ఆ సంగతి సులోచనకి తెలుసు. "ప్రేమగా పెంచితే అవే మారతాయండీ" అనేది. లడ్డూ అప్పుడప్పుడు ఆమె కాలి మడమ కొరికి రుచి చూసేవాడు. "ముద్దులు, ముద్దులు" అనేది కుంటుతూ.

లడ్డూ తిన్నగా వెళ్ళి పుల్లిగాడి దొప్పలో మూతి పెట్టాడు. తర్వాత పుల్లిగాడి మొహం నాకాడు.

"అమ్మా!" అని కెవ్వుమన్నాడు పుల్లిగాడు.

"భయపడకు నాన్నా, ఏమీ చెయ్యడు" అంది సులోచన, కూర్చున్న చోటి నుంచి కదలకుండా.

"కొంచెం పట్టుకోండమ్మా" అంది సూదమ్మ.

"ఆడుకుంటున్నాడండీ."

"మావాడు ఆడుకోవట్లేదు."

"మీవాడికి కుక్కలు అలవాటు లేనట్టుంది. చిన్నప్పుడే అలవాటు చెయ్యాలమ్మా. లేకపోతే పెద్దయ్యాక కష్టం."

ఈలోగా పుల్లిగాడి ముళ్ళు లేచాయి. ఒకటి లడ్డూ ముక్కుకి గుచ్చుకుంది. ఆ అరుపుకి గుహలో గబ్బిలాలన్నీ బయటికి ఎగిరిపోయాయి.

మర్నాడు అడవి కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు అడవిదున్న గంభీరరావు. ఏ గొడవైనా "ఇందులో రెండు వైపులా ఉన్నాయి" అని మొదలుపెట్టి, ఒక వైపుకి తేల్చడం ఆయన పద్ధతి.

"లడ్డూ నాకు కుక్క కాదండీ, కన్నకొడుకు" అంది సులోచన. "నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. ఆ పిల్లాడు అరిచిన అరుపుకి వాడి మనసు విరిగిపోయింది."

"కన్నకొడుకు" అని గంభీరరావు తల పంకించాడు. "అందరూ విన్నారుగా. ఇందులో రెండు వైపులా ఉన్నాయి. మరి అరిచిందెవరు?"

"ముందు మొహం నాకిందెవరండీ?" అంది సూదమ్మ.

"నాకడం ప్రేమమ్మా. అరవడం శబ్దం."

సాయంత్రానికి బోర్డు కింద ఇంకో బోర్డు వెలిసింది. 'పెంపుడు జీవులకు స్వాగతం. పిల్లలు బయట.' పెంపుడు జీవి అంటే ఏమిటో కూడా గంభీరరావే విడమరిచి చెప్పాడు. మెడకి బెల్టు ఉండాలి. పిలిస్తే రావాలి. మాట్లాడకూడదు.

ఆ రోజు సూదమ్మ కొడుకుని బయట పొద కింద కూర్చోబెట్టింది. "కదలకు. ఇప్పుడే వస్తా" అంది. గబగబా కాఫీ మింగింది. దొప్పలో నీళ్ళు పట్టుకుని పరుగున వచ్చింది.

పొద కింద పుల్లిగాడు లేడు. ఒక దుమ్ములగొండి కూర్చుని ఉంది.

"నేనింకా ఏమీ తినలేదమ్మా" అంది అది, చాలా మర్యాదగా.

సూదమ్మ చేతిలో దొప్ప ఒలికిపోయింది.

పుల్లిగాడు రెండు రాళ్ళ సందులో దొరికాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. బయటికి లాగినా చాలాసేపు తెరవలేదు. నీళ్ళు లేకుండానే ఇంటికి వెళ్ళారు.

మర్నాడు సూదమ్మ ఒక పచ్చి తీగ తెంచింది. మెత్తగా నలిపి కొడుకు మెడకి కట్టింది.

"లోపల నన్ను అమ్మా అనకు."

"మరేమనాలి?"

"ఏమీ అనకు."

"ఏడుపొస్తే?"

"తోక ఊపు."

గుమ్మం దగ్గర బొచ్చయ్య ఆపాడు. "ఇది పిల్లాడు కాదూ?"

"కాదండీ. పెంపుడు."

"ఏ జాతి?"

"పొడుగు వెంట్రుకల రకం."

బొచ్చయ్య వంగి నిమిరాడు. ఒక వెంట్రుక వేలిలో దిగింది. "పట్టులా ఉంది" అన్నాడు వేలు నోట్లో పెట్టుకుని. పెంపుడు జీవిని ఇష్టపడనివాళ్ళు అనాగరికులని అప్పటికే అడవంతా అనుకుంటున్నారు. బొచ్చయ్య వ్యాపారం చేసుకునేవాడు.

లోపల పుల్లిగాడికి రాజభోగం జరిగింది. అడక్కుండానే నీళ్ళు వచ్చాయి. నంచుకోవడానికి దుంప వచ్చింది. ఒక్కొక్కరే వచ్చి నిమిరారు. గంభీరరావు అరచెయ్యి ఆనించి రాశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత మెత్తన!" అన్నాడు. "ఇలాంటి నెమ్మదైన జీవిని నేను చూళ్ళేదు."

సులోచన పరీక్షగా చూసింది. "వీడు మొన్న అరిచిన ఆ పిల్లాడు కాదూ?"

"ఏమీ చెయ్యడండీ" అంది సూదమ్మ.

అది సులోచన మాటే. ఆమె చిన్నబుచ్చుకుని, "లడ్డూ, మమ్మీ దగ్గరికి రా నాన్నా" అని పిలిచింది.

పుల్లిగాడు లడ్డూ వంక చూశాడు. తల్లి వంక చూశాడు. తోక ఊపాడు. ముళ్ళు గలగలమన్నాయి.

సంగతి దాగలేదు. అడవిపంది తన పిల్లలన్నిటినీ ఒకే తీగకి గుదిగుచ్చి తెచ్చింది. "ఒకే జాతండీ. విడివిడిగా పెంచితే దిగులు పెట్టుకుంటాయట" అంది. కొండముచ్చు కూడా తన పిల్ల తోకని తన తోకకి ముడేసుకుని వచ్చింది. "ఇంపోర్టెడ్" అంది.

కేఫ్ కిటకిటలాడింది. లడ్డూని నిమిరేవాళ్ళు కరువయ్యారు. సులోచన తట్టుకోలేకపోయింది.

"వీటిలో అసలెన్నో నకిలీలెన్నో తేల్చండి" అంది గంభీరరావుతో.

"ఇందులో రెండు వైపులా ఉన్నాయి. పరీక్ష పెడదాం" అన్నాడాయన.

పరీక్ష రోజు మొదట పందిపిల్లల్ని పిలిచారు. కూర్చోమంటే నిలబడ్డాయి, నిలబడమంటే దొర్లాయి. చివరిది "అమ్మా, ఒకటికి!" అని అరిచింది. అన్నిటినీ తీగతో సహా బయటికి పంపారు. కొండముచ్చు పిల్ల పరీక్ష పెట్టేవాణ్ణే "నువ్వెవరు?" అని అడిగింది. అదీ బయటికే.

పుల్లిగాణ్ణి పిలిచారు. వచ్చాడు. కూర్చోమన్నారు. కూర్చున్నాడు. గంభీరరావు వాడి చెవిలో గట్టిగా బుస్సుమన్నాడు. పుల్లిగాడు తోక ఊపాడు.

"ఇదీ పెంపకమంటే!" అన్నారందరూ. సూదమ్మ నవ్వింది. నవ్వాక వాడి వంక ఇంకోసారి చూసింది.

"లడ్డూ, రా" అన్నాడు గంభీరరావు.

లడ్డూ రాలేదు.

"రా నాన్నా, మా బంగారం కదూ" అంది సులోచన.

లడ్డూ నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. నాలుగు కాళ్ళూ గాల్లో తన్నాడు. ఇన్నాళ్ళూ ఒడిలో కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పిన ఫలితం బయటపడింది.

"నేను రాను! మమ్మీ, ఇంటికెళ్దాం!"



"విన్నారా!" అని సులోచన గంతేసింది. "మమ్మీ అన్నాడు! నన్నే!"

"విన్నాం" అన్నాడు గంభీరరావు. "మాట్లాడాడు. మారాం చేశాడు. కన్నకొడుకని మీరే ఆ రోజు అందరిముందూ చెప్పారు. పిల్లలు బయటమ్మా."

సులోచన ఏదో అనబోయింది. గంభీరరావు అప్పటికే తల పక్కకి తిప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి సులోచన బయట ఎండలో కూర్చునేది, లడ్డూ బెల్టు పట్టుకుని. సూదమ్మకి లోపల ఊట పక్కనే రాయి ఇచ్చారు. దాహం తీరింది. దుమ్ములగొండి బెడద లేదు. కోరుకున్నది అదే.

కానీ ఇంటికి వెళ్ళి తీగ విప్పినా పుల్లిగాడు మాట్లాడలేదు.

"ఆకలేస్తోందా?"

గలగల.

"కడుపు నొప్పా?"

గలగల.

"ఇక్కడ ఎవరూ లేరురా. అమ్మా అను."

గలగల.

తెల్లవారేసరికి ఆ తీగ నోట కరుచుకుని వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. కట్టమన్నట్టు మెడ చాచాడు.

సూదమ్మ ఆ తీగ కట్టలేదు. కొడుకుని ఎత్తుకుని నేరుగా కేఫ్‌కి వెళ్ళి గంభీరరావు ఎదట నిలబడింది.

"వీడు నా కొడుకండీ. అబద్ధం చెప్పాను. బయటికి పంపించెయ్యండి."

గంభీరరావు కరిగిపోయాడు. "అందరూ అలాగే అంటారమ్మా. సులోచనగారూ అలాగే అనేవారు."

"నేను కన్నానండీ వీణ్ణి."

"ప్రేమంటే ఇలా ఉండాలి" అన్నాడు బొచ్చయ్య, గరిటె పక్కన పెట్టి.

"నా పోలికే కదండీ! ముళ్ళు చూడండి!"

"పెంచినవాళ్ళ పోలికలు రావడం సహజం" అన్నాడు గంభీరరావు. "ఇందులో రెండు..."

"ఆ రెండో వైపు ఏదో వాణ్ణే అడగండి" అంది సూదమ్మ. కొడుకుని కిందికి దించి, వాడి ఎదట కూర్చుంది. "నాన్నా, నేనెవర్ని? చెప్పు. ఏమీ అనరు. చెప్పు."

పుల్లిగాడు తల్లి మొహంలోకి చూశాడు. బొచ్చయ్య చేతిలో దుంప వంక చూశాడు. గుమ్మం బయట లడ్డూ వంక చూశాడు.

"భౌ" అన్నాడు.

కేఫ్ మొత్తం చప్పట్లు కొట్టింది. గంభీరరావు లేచి నిలబడి మరీ కొట్టాడు. దుంప రెండు ముక్కలు చేసి బొచ్చయ్య పెద్దది వాడికే ఇచ్చాడు.

సూదమ్మ మళ్ళీ కొడుకుని ఎత్తుకుంది. ఊట పక్క రాయి వంక చూడకుండా బయటికి నడిచింది.

బయట ఎండ మండిపోతోంది. సులోచన ఒక్కతే కూర్చుని ఉంది, పక్కన లడ్డూ. కొంచెం దూరంలో దుమ్ములగొండి, ఎప్పటిలాగే మర్యాదగా.

సూదమ్మని చూడగానే సులోచన లడ్డూ బెల్టు దగ్గరికి లాక్కుంది.

"మీవాడికి భయమేమో. మమ్మల్ని అటు జరగమంటారా?"

ఆ మాట అడవిలో ఎవరూ అడగగా సూదమ్మ వినలేదు.

"వద్దు. కూర్చోండి" అంది. "కాస్త అలా పట్టుకోండి, చాలు."

సులోచన నాలుక తడారిపోయి ఉంది.

"మీరు వెళ్ళి నీళ్ళు తాగి రండి. ఇద్దర్నీ నేను చూస్తాను" అంది సూదమ్మ. "మీరొచ్చాక నేను వెళ్తాను."

"ఇంత చిన్న సంగతి కమిటీలో ఎవరికీ తోచలేదే!" అంది సులోచన లేస్తూ.

"కమిటీకి దాహం లేదుగా" అంది సూదమ్మ.

సూదమ్మ లడ్డూ బెల్టు చేతికి చుట్టుకుని, పుల్లిగాణ్ణి రెండో పక్క కూర్చోబెట్టుకుని, వీపు మీద ముళ్ళన్నీ విప్పింది. దుమ్ములగొండి అటూ ఇటూ చూసింది. "ఎవరి పిల్లలెవరో తెలియట్లేదు. నా వల్ల కాదు" అని లేచి వెళ్ళిపోయింది.

సులోచన లోపలికి వెళ్ళగానే లడ్డూ అందుకున్నాడు. "మమ్మీ! మమ్మీ!"

"వస్తుందిరా" అంది సూదమ్మ.

"మమ్మీ! మమ్మీ!"

పుల్లిగాడు లడ్డూ నోటి వంక చూస్తూ కూర్చున్నాడు. అది ఎలా తెరుచుకుంటోందో, ఎలా మూసుకుంటోందో చూశాడు. సులోచన తిరిగి వచ్చింది. లడ్డూ ఏడుపు ఆపి ఆమె కాళ్ళలో దూరాడు. అదీ చూశాడు.

ఇప్పుడు సూదమ్మ వంతు. దొప్ప తీసుకుని లేచింది. నాలుగడుగులు వేసింది.

"మమ్మీ" అని వినిపించింది వెనక.

ఆమె తిరిగి చూసింది. లడ్డూ నోరు మూసుకునే ఉంది.

ముళ్ళపందుల ఇళ్ళలో ఆ మాట ఎవరూ అనరు. వాడు దాన్ని కుక్కపిల్ల దగ్గర నేర్చుకున్నాడు.

"ఏంటి నాన్నా" అంది సూదమ్మ.

నీతి: పిల్లల్ని కుక్కపిల్లల్లా పెంచితే లోపల చోటిస్తారు; కుక్కపిల్లల్ని పిల్లల్లా పెంచితే ఎండలో కూర్చోబెడతారు.