పది నొక్కుళ్ళ పరీక్ష

మంగళవారం పొద్దున తొమ్మిదింటికల్లా సోఫాల మేస్త్రి దుకాణం తెరిచి, ఫోను పక్కన ఒక తెల్లకాగితం, పెన్సిలూ పెట్టుకుని కూర్చున్నాడు. నలభై రోజులుగా ఆ దుకాణంలోకి ఒక్క చిరిగిన కుర్చీ కూడా రాలేదు. అయినా ఆ పొద్దున ఆయన ఎదురుచూస్తున్నది పని కోసం కాదు, రుజువు కోసం.

మూడు వారాల కిందట కూతురు ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన పెట్టింది. పాత సోఫాలు బాగుచేసేవాళ్ళ కోసం ఎవరు వెతికినా మేస్త్రి దుకాణం అన్నిటికంటే పైన కనిపిస్తుంది. దాన్ని నొక్కిన ప్రతిసారీ కొంత డబ్బు పోతుంది. ఎంతమంది నొక్కిందీ ప్రకటన వేసిన కంపెనీయే చెబుతుంది. ఇప్పటికి రెండువందల పద్నాలుగు మంది నొక్కారట. దుకాణానికి వచ్చినవాళ్ళు సున్న.

"డబ్బు తీసుకునేదీ వాళ్ళే, లెక్కపెట్టేదీ వాళ్ళేనా?" అన్నాడు మేస్త్రి. తన టేపుతో తాను మూడుసార్లు కొలవనిదే గుడ్డకు కత్తెర తగలనివ్వని మనిషి ఆయన. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కూడా వాళ్ళు కూర్చోమన్న కుర్చీ కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో వంగి చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

శనివారం వరకే గడువు. భార్య తమ్ముడికి కొత్త సోఫాలు అమ్మే పెద్ద షోరూము ఉంది. గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్ళకు తలుపు తీసే మనిషి కావాలట. "బావా, మీరైతే మనవాళ్ళు. శనివారంలోగా చెప్పండి, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు సూది పట్టిన చేత్తో తలుపు పిడి పట్టుకోవాలి. ప్రకటన నిజమైతే ఇంకో నెల ఓపిక పట్టొచ్చు. అబద్ధమైతే ఆ తలుపే గతి.

అందుకని పరీక్ష పెట్టాడు. పదిమంది చుట్టాలు మంగళవారం పదింటికి తలా ఒక్కసారి నొక్కాలి. కంపెనీ లెక్క సరిగ్గా పది పెరగాలి. చెవిన పడితే తప్ప నమ్మడు గనక, నొక్కినవాళ్ళు వెంటనే దుకాణానికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాలి.

"నాన్నా, నువ్వు వద్దన్నావని ప్రకటనలో ఫోన్ నంబరు పెట్టలేదు. చూసినవాళ్ళు నిన్నెలా పిలుస్తారు? ఇవాళ పెట్టేస్తున్నా" అంది కూతురు సోమవారం సాయంత్రం. చుట్టాల పేర్లు వరసగా రాసుకుంటున్న మేస్త్రి తలెత్తకుండానే సరే అన్నాడు.

పది దాటి ఒక్క నిమిషానికి మేనత్త చేసింది. నొక్కితే ఏమీ తెరుచుకోలేదని ఇంకో రెండుసార్లు నొక్కిందట. ఇప్పుడా రెండూ వెనక్కి తీసుకోవడం ఎలాగని అడిగింది. ఆవిడను సముదాయించడానికి పావుగంట పట్టింది. తోడల్లుడు బహుమతి ఎప్పుడిస్తారన్నాడు. అలాంటిదేమీ లేదంటే, మరి ఆఫీసంతటిచేతా ఎందుకు నొక్కించానయ్యా అని నొచ్చుకున్నాడు. వియ్యపురాలు ఏడుస్తూ చేసింది. పదిమంది ఒకే సమయానికి నొక్కితే మేస్త్రికి గండం తప్పుతుందని ఆవిడకెవరో చెప్పారు.

"దాచకండి అన్నయ్యగారూ. డాక్టర్లేమన్నారు?"

"నాకేమీ లేదమ్మా, రాయిలా ఉన్నాను."

"పాపం, ఇంత బాధలోనూ మాకే ధైర్యం చెబుతున్నారు" అని ఆవిడ ఇంకా ఏడ్చింది.

ఆవిడ ఫోను పెట్టేయగానే ఆవిడ చెప్పినవాళ్ళంతా అందుకున్నారు. పెళ్ళిళ్ళలో తప్ప కనిపించని చుట్టాలు పేరుపేరునా పలకరించారు. పిన్ని ఏదో వైద్యం ఆసాంతం చెప్పి, గుర్తుందో లేదోనని మేస్త్రి చేత ఒప్పజెప్పించుకుంది. రిసీవరు దించేసరికి ఒంటిగంట. చెవి ఎర్రగా కందిపోయింది.

కాగితం మీద గీతలు లెక్కపెట్టాడు. మేనత్తవి మూడు, తోడల్లుడి ఆఫీసువాళ్ళవి, మిగతావాళ్ళవి కలిపి నలభై ఆరు. కూతురు కంప్యూటరు చూసి, కంపెనీ లెక్క పంతొమ్మిది పెరిగిందని చెప్పింది.

మేస్త్రి ప్రాణం ఉసూరుమంది. ఎక్కువ చెబితే దొంగలనుకోవచ్చు. తక్కువ చెప్పారంటే వాళ్ళకు లెక్కే రాదన్నమాట. ఇన్నాళ్ళూ ఆ రెండువందల పద్నాలుగు మందిని నమ్ముకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రమే ప్రకటన తీయించేశాడు, బావమరిదికి వస్తానని చెప్పాడు, దుకాణం తాళాలు యజమానికి ఇచ్చేశాడు. పక్కనున్న మందుల షాపువాళ్ళు ఎప్పటినుంచో ఆ గది అడుగుతున్నారు. గురువారానికల్లా మధ్య గోడ పగలగొట్టేశారు.

కూతురు ఊరుకోకుండా కంపెనీకి రాసింది. శుక్రవారం జవాబొచ్చింది. చుట్టాల నొక్కుళ్ళు నలభై ఆరూ ఉత్తుత్తివని కనిపెట్టి లెక్కలోంచి తీసేశారట. పంతొమ్మిది మందీ నిజంగా సోఫా బాగుచేయించుకోవాలని వెతికినవాళ్ళు. ఆ పంతొమ్మిది మందీ, ఆ పొద్దున్నే, దుకాణానికి ఫోన్ చేయడానికి ప్రకటనలోని ఫోను గుర్తు కూడా నొక్కారు.

మేస్త్రి ఆ జవాబును మూడుసార్లు చదివించుకున్నాడు.

శనివారం షోరూముకు వెళితే బావమరిది గుమ్మం దగ్గరే ఎదురొచ్చి, తలుపు సంగతి తర్వాత చూద్దామంటూ వెనకగదికి లాక్కుపోయాడు. పంతొమ్మిది పాత సోఫాలు, ఒకదాని మీద ఒకటి, కప్పుదాకా ఉన్నాయి.

"మంగళవారం ఏం గాలి వీచిందో బావా, పాతవి బాగుచేస్తారా అని ఒకటే ఫోన్లు. ఇంటర్నెట్‌లో పైనున్న దుకాణం వాడి లైను దొరకడం లేదట, దాని కింద మన పేరుందట. వద్దనలేకపోయాను. జీతం తలుపుకు అనుకున్నదే."

మేస్త్రి చొక్కా చేతులు మడిచి మొదటి సోఫా దించుకున్నాడు. దాని తాలూకు పెద్దమనిషి అప్పుడే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మొదట వేరే మేస్త్రికి ఇద్దామనుకున్నానండీ. మూడు గంటలు చేశాను, ఎప్పుడు చేసినా లైను ఖాళీ లేదు. అంత గిరాకీ ఉన్న మనిషి మన పనేం చేస్తాడులే అని ఇటు తెచ్చాను."

మేస్త్రి సూదిలో దారం ఎక్కించుకుంటూ, ఆయన చాలా మంచి పనివాడని తానూ విన్నానన్నాడు.