కోడిని వెంటబెట్టుకెళ్ళిన పరిశీలన

పొద్దున్నే గంగ సర్పంచిగా ఉన్న పక్క పంచాయతీకి వెళ్ళాలి. నీళ్ళ ట్యాంకు, బడి, వీధి దీపాలు చూడాలి. చీకటి పడకముందే తిరిగి రావాలి. ఒక్కడికి సరిపడా వండుకున్న అన్నం పొయ్యి పక్కనే కూర్చుని తింటూ సర్వేశ్వరరావు అనుకున్నది ఇంతే.

భార్య పోయాక ఆ ఇంట్లో అతను గొంతెత్తి మాట్లాడింది తక్కువ. సర్పంచి కాబట్టి పగలు జనం వస్తారు. పింఛను సంగతో రోడ్డు సంగతో చెప్పి వెళ్ళిపోతారు. ఒక సర్పంచి మరో సర్పంచి పని చూసి మంచిచెడ్డలు చెప్పాలంటూ మండలాఫీసులో శిక్షణ పెడితే, అందరికన్నా ముందు పేరిచ్చింది అతనే. అక్కడ మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి భోజనం పెడతారని విన్నాడు.

నేర్పింది మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాడు. వెళ్ళగానే తప్పులెన్నకూడదు. ముందు మెచ్చుకోవాలి. తక్కువ మాట్లాడి ఎక్కువ వినాలి. ఒక్కసారితో వదిలేయకుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి.

తోడుగా వార్డు మెంబరు ఫల్గుణ బయల్దేరాడు. ఊరికి పెద్దమనిషి. దారిలో డుంబ్రిగుడ సంతలో తన ఇంటికని ఒక పుంజును కొన్నాడు.

"ఆఫీసు పనికెల్తూ కోడేటి మావా?"

"తిరిగొచ్చేసరికి సంత ఉంటాదేటి? నా సంకలో ఉంటే నీకేటి బరువు?"

ఆ ఊళ్ళలో పిల్లనడగడానికి కోడిని పట్టుకుని వచ్చేవాళ్ళు పని సంగతి ముందే చెప్పరు. నీళ్ళు బాగున్నాయంటారు, వాకిలి బాగుందంటారు. ఇంటివాళ్ళూ తొందరపడి అడగరు. ఉతికిన చొక్కాలో ఒంటరి మగాడు, పక్కన పెద్దమనిషి, ఆయన సంకలో పుంజు. గంగ ఇంటి వాకిట్లో కూర్చున్న అచ్చియమ్మకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె గంగకు మేనత్త. గంగ మొగుడు పోయి నాలుగేళ్ళు.

"నీళ్ళు శానా బాగున్నాయి," అన్నాడు సర్వేశ్వరరావు చెంబు దించి.

అచ్చియమ్మ ముఖం వికసించింది.

"వాకిలీ శుబ్బరంగా ఉంది."

అచ్చియమ్మ లేచి ఫల్గుణ చేతిలోంచి పుంజును తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. కట్టేయడానికి కాబోలనుకున్నాడు ఫల్గుణ. కాసేపటికి మసాలా నూరుతున్న చప్పుడైంది.

"అల్లుడా, నా కోడి!"

"ఊరుకో మావా. తప్పులెన్నకూడదు."

ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద సర్దుకున్నారు.

"ఇంట్లో ఎవురున్నారు నాయనా?" అడిగింది అచ్చియమ్మ.

"ఎవురూ నేరు."

"వంటో?"

"నానే."

ఆడవాళ్ళంతా అయ్యోమన్నారు. తన వంట గురించి ఎవరైనా అడిగి ఎంతకాలమైందో అతనికి గుర్తులేదు.

"మల్లెప్పుడొత్తారు?"

"పద్ధతి పెకారం నెలనెలా రావాల."

"నెలనెలా ఎందుకూ, బేగి తేల్చేసుకుందాం!"

ఎవరో గంగ తమ్ముడికి ఫోన్ చేశారు. ఇంకెవరో డప్పు తెచ్చారు. ఆడపిల్లలు చేతులు కలిపి థింసా ఆటకు నిలబడ్డారు. "గంగకి చీరెప్పుడు తెత్తావు?" అని అచ్చియమ్మ అడిగాక గానీ సర్వేశ్వరరావుకు సంగతి అర్థం కాలేదు. కాదంటే ఊరందరి ముందు గంగ తల దించుకోవాలి. ఊరుకుంటే తమ్ముడొచ్చి ముహూర్తం పెట్టేలా ఉన్నాడు.

గబగబా పెరట్లో పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. గంగ కూర కలియబెడుతోంది.

"సర్పంచిగారూ, తప్పయిపోనాది. నానొచ్చింది మీ ట్యాంకు సూడ్డానికి."

"తెలుసు. మండలాఫీసోల్లు నిన్ననే ఫోన్ సేసినారు."

"మరి ఆల్లకి సెప్పలేదేటి?"

గంగ గరిటె ఆపింది. వాకిట్లో నవ్వులు, డప్పు, పిల్లల గోల.

"ఈ ఇంట్లో ఇంతమంది కూకుని ఎన్నాల్లయిందో. నా గురించి బయం నేదు, రేపు ఆల్లకి నానే సెప్పుకుంటాను. ముందు తినండి."

అందరి మధ్యా కూర్చుని రెండుసార్లు వడ్డించుకున్నాడు సర్వేశ్వరరావు. ఫల్గుణ మాత్రం ప్రతి ముక్కనూ గుర్తుపట్టినట్టు చూసి తిన్నాడు. చీకటి పడింది. ట్యాంకు ఎటువైపుందో ఎవరూ అడగలేదు.

పరిశీలన ఎంతవరకు వచ్చిందని మండలాఫీసువాళ్ళు అడిగితే, ఆ పంచాయతీలో చూడవలసింది ఇంకా చాలా ఉందని చెప్పాడు సర్వేశ్వరరావు.