కళ్ళజోళ్ళ దుకాణానికి ఎర్రక్షరాలు

ఆ శనివారం ఉదయం చిట్కాలయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. వదినగారి కొత్త కళ్ళజోళ్ళ దుకాణం వెబ్ పేజీలో అక్షరాలు కాస్త పెంచాలి. తొమ్మిదీ పదికి లేచి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దుకాణం ప్రారంభానికి వెళ్ళాలి. అంతే.

చిట్కాలయ్య అన్నది వీధి పెట్టిన పేరు. ఏ కాలేజీ గడపా తొక్కకుండా, పాత పుస్తకాలూ పాడైన కంప్యూటర్లూ ముందేసుకుని వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్న మొండివాడు. మూడేళ్ళుగా ఇంటర్నెట్‌లో రోజుకో చిట్కా రాస్తున్నాడు. లోకమంతా చదువుతోందని అతని నమ్మకం. చదివేది భార్య ఒక్కతే. అదీ అచ్చుతప్పులు దిద్దడానికి. ఆమె ఓపిక కూడా ఈ నెలతో అయిపోయింది.

"ఇదే ఆఖరు, చెప్తున్నా. పని సరిగ్గా చేశారా, తన మిగతా రెండు దుకాణాల పేజీలూ మీకే ఇస్తానంది అక్క. చెడగొట్టారా, సోమవారం నుంచి మీ మావయ్య సిమెంటు కొట్టులో కూర్చుంటారు. ఆయనతో మాట్లాడేశాను."

మావయ్య మంచివాడే. కానీ తన మోకాళ్ళ నొప్పి గురించి పొద్దున మొదలుపెడితే కొట్టు మూసేదాకా ఆపడు. ఆ తలపుకే చిట్కాలయ్యకు చెమట పట్టింది.

అక్షరాల సైజు పదహారు నుంచి ఇరవై చేశాడు. పేజీ తెరిచి చూశాడు. అక్షరాలు ఉన్నచోటే ఉన్నంతే ఉన్నాయి. ముప్ఫై చేశాడు. చలనం లేదు. వదినకు ఫోన్ చేశాడు.

"వదినగారూ, పేజీలో ఏమైనా మారిందేమో చూడండి."

వదిన దుకాణం ముందు బోర్డు కట్టిస్తోంది. పొద్దున్నే తెరిచి బల్ల మీద వదిలేసిన ల్యాప్‌టాప్ వైపు ఓరకంట చూసింది. పేజీని మూసి మళ్ళీ తెరవాలని ఆవిడకెందుకు తడుతుంది?

"ఏం మారలేదు మరిదిగారూ. చీమల బారులాగే ఉంది. ఇంతకీ ఈ పని మీకొచ్చా?"

ఆ మాట ముల్లులా దిగింది. యాభై చేశాడు. వంద చేశాడు. రెండు వందలు చేశాడు. రంగు ఎరుపు చేసి, ఆరుతూ వెలుగుతూ ఉండమన్నాడు. తెర మీద మాత్రం నిన్నటి పేజీ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. "ఈ సర్వర్ల కంపెనీలన్నీ ఒక ముఠా!" అని గోడతో చెప్పాడు. పరీక్ష కోసం దుకాణం పేరు తీసేసి 'కనబడుతోందా?' అని రాశాడు. కనబడలేదు. చివరికి పళ్ళు కొరుకుతూ, సాక్షాత్తూ కంప్యూటర్‌నే ఉద్దేశించి, 'ఇంత పెద్దగా రాసినా కనబడదా? కళ్ళు నెత్తికెక్కాయా?' అని టకటకా బాదాడు.

జరిగిందేమిటంటే, బ్రౌజర్ అనేది పెద్ద సోమరి. ఒకసారి చూసిన పేజీని దాచుకుని, మళ్ళీ అడిగితే ఆ పాతదే తీసి చూపిస్తుంది. చిట్కాలయ్యకు అలా పాతదే చూపిస్తోంది, తక్కిన లోకానికి మాత్రం కొత్తదే అందుతోంది. ఆ లోకం చిన్నదేమీ కాదు. తెల్లవారగానే వదిన తన పాత ఖాతాదారులు నాలుగు వందల మంది ఫోన్లకు ఆ పేజీ చిరునామా పంపి, 'తప్పక చూడండి' అని ప్రాధేయపడింది.

పదింటికి ఫోన్ మోగింది. పేజీ అడుగున 'తయారుచేసినవారు' అంటూ తన నంబరు వేసుకున్న ఫలితం.

"నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. ఆ కళ్ళజోళ్ళ పేజీ చేసింది నువ్వేనా?"

"నేనే సార్!" చిట్కాలయ్య ఉబ్బిపోయాడు. "ఎలా ఉంది సార్?"

"ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, నన్నే అంత మాటంటావా? దుకాణానికే వస్తున్నా, అక్కడ తేల్చుకుందాం!"

ఏ మాటన్నాడో చిట్కాలయ్యకు అంతుబట్టలేదు. రెండో ఫోన్ ఒక బస్సు డ్రైవరుది. "రోజుకి రెండు వందల కిలోమీటర్లు బస్సు నడుపుతానయ్యా. నన్నా ఆ మాట అడిగేది? ఉండు, వస్తున్నా!"

ఇంతలో భార్య ఫోన్ పట్టుకుని గదిలోకొచ్చింది.

"ఏవండీ, నాకు తెరనిండా 'ఇం' ఒక్కటే వస్తోంది. ఎర్రగా. పక్కకి జరిపితే 'త' వచ్చింది. ఓపిగ్గా చివరిదాకా జరిపాను. ఇంతకీ కళ్ళు నెత్తికెక్కింది ఎవరికి?"

"నీకు... కనబడుతోందా?"

"మళ్ళీ అదే అడుగుతున్నారు! పాత కాపీ తుడిచారా? మీ నూట నలభయ్యో చిట్కా అదేగా. 'మార్పు కనబడకపోతే ముందు బ్రౌజర్ దాచిన కాపీ తుడవండి, తర్వాత లోకాన్ని తిట్టండి.' దిద్దిందాన్ని, నాకు గుర్తుంది."

చిట్కాలయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా అన్నీ యథాస్థానంలో పెట్టి, మాసిన గడ్డంతో, చిరుగుల బనీనుతో దుకాణానికి పరుగెత్తాడు. భార్య వెనకే వచ్చింది. అక్కడ నలభై మంది గుమిగూడి ఉన్నారు. అందరికన్నా ముందు హెడ్మాస్టరు గొడుగు ఝళిపిస్తున్నాడు. చిట్కాలయ్య బోర్డు కట్టిన నిచ్చెన వెనక నక్కాడు. మావయ్య మోకాళ్ళు అతని కళ్ళ ముందు కదిలాయి.

వదిన మాత్రం తొణకలేదు.

"కళ్ళు ఎక్కడున్నాయో మాటలతో తేలుతుందా మాస్టారూ? ఈ కుర్చీలో కూర్చోండి. ఆ గోడ మీది అక్షరాలు చదవండి."

హెడ్మాస్టరు మూడు వరుసలు గర్జించాడు. నాలుగో వరుస దగ్గర గొంతు తగ్గింది గానీ చదవడం ఆపలేదు.

"అక్కడున్నది అది కాదండీ, మీరే అల్లారు" అంది వదిన. "కొత్త అద్దాలు రాస్తాను."

బస్సు డ్రైవరు పగలబడి నవ్వి, తన వంతు రాగానే మొదటి మూడు వరుసలు చదివి, నాలుగోది హెడ్మాస్టరు అల్లినదే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అతనికీ అద్దాలు రాసింది. పౌరుషం ఉన్న ప్రతివాడూ కుర్చీ ఎక్కాడు. మధ్యాహ్నానికి ముప్ఫై ఒక్క జతలకు ఆర్డర్లు వచ్చాయి.

జనం పలచబడ్డాక చిట్కాలయ్య నిచ్చెన చాటు నుంచి బయటికొచ్చాడు.

"క్షమించండి వదినగారూ. పొరపాటైంది. అంతా తీసేసి శుభ్రం చేసేశాను."

"తీసేశారా!" వదిన గుండెలు బాదుకుంది. "ఎవరు తీయమన్నారు మిమ్మల్ని? ఇంకా మూడు వందల అరవై మంది రావాలి!"

చిట్కాలయ్యకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ రెండు దుకాణాల పేజీలూ..."

"అవి పని తెలిసినవాళ్ళకిస్తాను. మీరు కంప్యూటర్ జోలికి రాకండి. కాగితం మీద తిట్లు రాసి పంపండి, చాలు. అంత సహజంగా ఇంకెవరికీ రావు."

భార్య వెంటనే మావయ్యకు ఫోన్ చేసి, రావడం లేదని చెప్పేసింది.

సోమవారం చిట్కాలయ్య ఉద్యోగంలో చేరాడు. రోజుకు రెండు తిట్లు, ఆదివారం సెలవు.