కంప్యూటర్ లేతు మాహాత్మ్యం

కొంటే పాత మిషనే కొనండి. అందులోనూ కదలని మిషను కొనండి! కదిలే మిషను మనుషుల్ని ఇంటికి పంపిస్తుంది, కదలనిది పదిమందికి పని కల్పిస్తుంది. నవ్వుతున్నారా? ఆకివీడు వెళ్లి రత్నాన్ని అడగండి.

రత్నం ఇరవై ఆరేళ్లుగా ఎజ్రా గారి వర్క్‌షాపులో చెరువు పంపులకి లేతు మీద ఇనుము చెక్కి షాఫ్టులు తీస్తున్న మనిషి. రెండువేల ఆరులో ఎజ్రాకి కోయంబత్తూరు వేలంలో తనంతట తానే షాఫ్టులు తీసే సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ లేతు ఒకటి దొరికింది. "ఇది గానీ తిరిగిందంటే పాత లేతు తీసేద్దాం బాబాయ్. మీరిక హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చండీ," అన్నాడు. మావైపు ఉద్యోగం పీకేటప్పుడు కూడా 'అండీ' తగ్గదు!

దేవుడి దయవల్ల అది తిరగలేదు.

పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఎజ్రా బటన్ నొక్కాడు. బ్యాటరీ అయిపోవచ్చిందని తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి. అసలే జాగ్రత్తపరుడు కదా, మెయిన్ ఆపి, రబ్బరు చెప్పులేసుకుని, చెక్కబల్ల మీద నిలబడి మరీ కొత్త బ్యాటరీ వేశాడు. మిషను ఉలకలేదు. ఫోన్లో సంగతి విని హైదరాబాద్ మెకానిక్ లబోదిబోమన్నాడు. "కరెంటు ఉండగానే మార్చాలండీ! మెమరీ మొత్తం పోయింది!"

కరెంటు ఉండగా వైర్ల జోలికి పోవద్దని చిన్నప్పట్నించీ విన్న మనిషికి ఇదా బహుమతి? ఎటు తిరగాలో కూడా మరిచిపోయి, ఆ మిషను అలిగిన కొత్తల్లుడిలా కూర్చుంది.

ఎన్ని లాభాలో చూడండి! మెకానిక్ దిగాడు. తొమ్మిది రోజులు ఎజ్రా ఇంట్లో బొమ్మిడాయిల పులుసు తింటూ మిషనుకి పోయిన నంబర్లన్నీ ఒక్కొక్కటే నేర్పాడు. ముదినేపల్లి నుంచీ, ఉంగుటూరు నుంచీ జనం చూడ్డానికొచ్చారు. టీకొట్టు దేవరాజు రెండో స్టవ్ కొన్నాడు. రత్నం రోజూ అందరికీ తనే స్వయంగా టీలు మోసుకొచ్చాడు, అంత ఆనందం!

నంబర్లెక్కాక ఇంకో పేచీ. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది ముందు 'హోమ్'కి వెళ్లాలట! అంటే పనిముట్టుని మొదటి చోటికి చేర్చుకుంటే తప్ప పని మొదలెట్టదన్నమాట. మా కరెంటు సంగతి మీకు చెప్పాలా?

"పొద్దుట్నించీ నాలుగుసార్లు ఇంటికెళ్లొచ్చిందండీ. ఇరవై ఆరేళ్లలో నేనన్నిసార్లు వెళ్లలేదు," అన్నాడు రత్నం సంబరంగా.

పదో రోజు కొంప మునిగింది. కరెంటు పోలేదు! మిషను గిర్రున తిరిగి, అద్దంలా మెరిసే షాఫ్టు తీసింది. వంద తీసినా వందా ఒకేలా ఉంటాయని చెప్పి మెకానిక్ రైలెక్కేశాడు. రత్నం పాత లేతు మీద ఓసారి చెయ్యేశాడు.

సరిగ్గా అప్పుడే వెంకట్రాజు గారు చెరువు పంపు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. చేపలు పైకి తేలుతున్నాయి, నీళ్లు పెట్టకపోతే చెరువు చెరువంతా పోతుందన్నారు. పంపు వదిలేసి టీకొట్టుకెళ్లారు. ఎజ్రా ఠీవిగా కొత్త షాఫ్టు దూర్చాడు. లొడలొడ!

కొలత తప్పా? రామరామ, కంప్యూటర్ తప్పుతుందా! కాగితం మీది పంపుకి అది ఖాయంగా సరిపోతుంది. రాజుగారి పంపేమో పద్నాలుగేళ్లు అరిగింది. కొల్లేరు చుట్టూ ఏ రెండు పంపులూ ఒకేలా అరగలేదు. ఒకేలాంటి షాఫ్టులు వంద ఎవరికి కావాలండీ? పోనీ కొలత మారుద్దామంటే, మార్చడం తెలిసినవాడు రైల్లో ఉన్నాడు.

"బాబాయ్..." అన్నాడు ఎజ్రా, నేల చూపులు చూస్తూ.

రత్నం అరిగినచోట కొలిచి, పాత లేతు మీద వెంట్రుకవాసి లావుగా ఇంకో షాఫ్టు తీశాడు. సుత్తితో రెండు దెబ్బలేసేసరికి అది బుద్ధిగా కూర్చుంది.

రాజుగారు వచ్చి చేత్తో తిప్పి చూశారు. మొహం వెలిగిపోయింది. తిన్నగా వెళ్లి కొత్త మిషను వీపు తట్టారు.

"ఎంతైనా కంప్యూటర్ పని కంప్యూటర్ పనేనండీ, ఎజ్రా గారూ!"

ఎజ్రా రత్నం వైపు చూశాడు, 'కంప్యూటర్ లేతు' అని రాయించి బయట తగిలించిన కొత్త బోర్డు వైపు చూశాడు. "మరేనండీ," అన్నాడు.

రాజుగారు వెళ్తూ వెళ్తూ రత్నం నూనె చేతులు చూసి జాలిపడ్డారు. "మీరూ కాస్త కంప్యూటర్ నేర్చుకోండి రత్నం గారూ. ఇంకెన్నాళ్లండీ ఈ పాత లేతు?"

రత్నానికి ఒళ్లు మండిపోయింది. "అలాగేనండీ," అన్నాడు. ఏం చేస్తాడు? మిషను పనికొచ్చుంటే ఉద్యోగం పోయేది. పనికిరాలేదు కాబట్టి పేరొక్కటే మిషనుకి పోయింది.